ఇంటి అప్పు: ఈఎంఐ సరే, నెలలెన్ని మిగిలాయి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి అప్పు గురించే. రిజర్వు బ్యాంకు 2025లో రెపో రేటును నాలుగు విడతలుగా 6.50 శాతం నుంచి 5.25 శాతానికి తగ్గించింది. ఆ వార్త చదివి "మరి నా ఈఎంఐ తగ్గలేదేం?" అని అడిగినవాళ్లే సగం మంది. ఆ ప్రశ్నకు జవాబు ఈఎంఐలో దొరకదు. మిగిలిన నెలల్లో వెతకాలి. ముందుగా, ఇంకా అప్పు తీసుకోని ఒకరి సందేహం.

సందేహం: హైదరాబాద్‌లో ఫ్లాటు కోసం 30 లక్షలు, 20 ఏళ్ల గడువుకు తీసుకుందామనుకుంటున్నాను. వడ్డీ 8.4 శాతం. బ్యాంకువాళ్లిచ్చిన పట్టిక చూస్తే చివరికి 62 లక్షలు కట్టాలని తేలింది. మా నాన్నగారు "ఇది నిలువుదోపిడీరా, ఊళ్లో రూపాయి వడ్డీకి తెచ్చి నాలుగైదేళ్లలో తీర్చేద్దాం" అంటున్నారు. ఆయన మాట కాదనలేను, పూర్తిగా నమ్మనూ లేను.
- ఒక పాఠకుడు, మంచిర్యాల

సమాధానం: మీ నాన్నగారి కొలతలోనే లెక్క చూద్దాం. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. బ్యాంకు అడుగుతున్న 8.4 శాతం నూటికి నెలకు డెబ్బై పైసలు. ఈ మాట ఆయనకు చెప్పండి, సగం చర్చ అక్కడే ముగుస్తుంది. 30 లక్షలకు రూపాయి వడ్డీ అంటే నెల తిరిగేసరికి 30 వేలు వడ్డీకే సరి. అసలు అలాగే ఉంటుంది. బ్యాంకు ఈఎంఐ 25,845 రూపాయలు. అందులో వడ్డీతోపాటు అసలు కూడా తీరుతూ వస్తుంది.

నాలుగైదేళ్లలో తీర్చేసే స్తోమత నిజంగా ఉంటే ఆ డబ్బు బ్యాంకుకే ముందుగా కట్టేయొచ్చు. మారే వడ్డీ మీద, అంటే ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణానికి ముందస్తు చెల్లింపు రుసుము వేయడానికి వీల్లేదు. ప్రోనోటు మీద తెచ్చిన అప్పు విషయం వేరు. ఇచ్చినాయనకు అమ్మాయి పెళ్లి కుదిరితే మీ గడువు ఆ రోజుతో సరి.

అయితే మీ నాన్నగారి అనుమానాన్ని కొట్టిపారేయకూడదు. ఆయన చూసింది నిజమే. మొదటి నెల మీరు కట్టే 25,845లో 21,000 వడ్డీకి పోతుంది, అసలులో తగ్గేది 4,845. అయిదేళ్లు క్రమం తప్పకుండా కడితే మీ చేతినుంచి వెళ్లేది పదిహేనున్నర లక్షలు, అసలులో తగ్గేది 3.6 లక్షలు. 30 లక్షలు సగానికి దిగి 15 లక్షలయ్యేసరికి దాదాపు 13 ఏళ్ల 9 నెలలు గడుస్తాయి. ఇది మోసం కాదు. ప్రతి నెలా మిగిలిన అసలు మీదే వడ్డీ కడతారు కాబట్టి, అసలు పెద్దగా ఉన్న తొలి ఏళ్లలో వడ్డీ వాటా అంత పెద్దగా ఉంటుంది. దీన్ని తిరగేసి చూస్తే మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. తొలి ఏళ్లలో అదనంగా కట్టిన ప్రతి రూపాయీ మిగతా గడువంతా వడ్డీని ఆపుతుంది.

గడువు 15 ఏళ్లు పెట్టుకుంటే ఈఎంఐ 29,367. నెలకు మూడున్నర వేలు ఎక్కువ, మొత్తం మీద తొమ్మిది లక్షలకు పైగా తక్కువ. ఆ భారం ఇప్పుడే వద్దనుకుంటే 20 ఏళ్లే పెట్టుకుని, ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టండి. దాదాపు 40 నెలల ముందే అప్పు తీరుతుంది. నేనైతే రెండోదే చెబుతాను. ఉద్యోగం ఊగిసలాడిన ఏడాది ఆ అదనపు వాయిదా మానేయొచ్చు. పెద్ద ఈఎంఐని మానేయలేరు.

సంతకం పెట్టేముందు "కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్" అడిగి తీసుకోండి. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ రుణాలకు దీన్ని ఇవ్వడం తప్పనిసరి. ప్రాసెసింగ్ ఫీజు వగైరాలన్నీ కలిపితే అసలు వడ్డీ రేటు ఎంత పడుతోందో అందులో ఉంటుంది.

సందేహం: 2021లో 40 లక్షలు, 20 ఏళ్లకు, 6.75 శాతం మీద తీసుకున్నాం. ఈఎంఐ 30,415. నాలుగున్నరేళ్లుగా ఒక్క వాయిదా కూడా తప్పలేదు. మొన్న యాప్‌లో చూస్తే ఇంకా 38 లక్షల బాకీ ఉంది. ఇంకా 269 నెలలు కట్టాలట! మొదలుపెట్టిందే 240 నెలలకు కదండీ. బ్యాంకుకు వెళ్తే "రేటు మారింది మేడమ్" అంటారు తప్ప ఇంకేం చెప్పరు.
- ఉపాధ్యాయిని, విజయవాడ

సమాధానం: మీ ఉత్తరంలోని అంకెలు తప్పు కావమ్మా. ఏం జరిగిందో విడమరిచి చెబుతాను.

2019 అక్టోబరు 1 తర్వాత బ్యాంకులిచ్చిన ఫ్లోటింగ్ గృహరుణాలు బయటి కొలమానానికి ముడిపడి ఉంటాయి. ఎక్కువ బ్యాంకులు ఎంచుకున్న కొలమానం రెపో రేటు. మీరు అప్పు తీసుకున్ననాడు రెపో 4 శాతం, దాని మీద బ్యాంకు వేసుకున్నది 2.75. రెండూ కలిపితే 6.75. ఆ రెండో ముక్కను స్ప్రెడ్ అంటారు. 2022 మే నెల నుంచి 2023 ఫిబ్రవరి నాటికి రెపో 4 నుంచి 6.50కి ఎగబాకింది. మీ రేటు 9.25 అయింది.

అప్పుడు మీ బాకీ సుమారు 38.5 లక్షలు. దాని మీద 9.25 శాతం చొప్పున నెల వడ్డీయే 29,680 దాకా ఉంటుంది. మీరు కడుతున్నది 30,415. అంటే అసలుకు చేరింది నెలకు ఏడువందల ముప్పయి చిల్లర. ఆ రోజుల్లో యాప్ తెరిచి ఉంటే మిగిలిన గడువు 480 నెలలకు పైగా, నలభై ఏళ్లు కనిపించి ఉండేది. బ్యాంకు మీ ఈఎంఐ పెంచలేదు, చడీచప్పుడు లేకుండా గడువు సాగదీసింది. ఖాతాలోంచి ప్రతి నెలా అదే మొత్తం పోతుంటే మనకు అనుమానం రాదు.

ఇలా దేశమంతా జరిగింది. ఫిర్యాదులు వెళ్లాక 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఆదేశాలిచ్చింది. రేటు మారినప్పుడు ఆ సంగతి అప్పు తీసుకున్నవాళ్లకు తెలపాలి. ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంత కొంతా అన్నది వాళ్లనే ఎంచుకోనివ్వాలి. మూడు నెలలకోసారి అసలుకెంత, వడ్డీకెంత చేరింది, ఎన్ని వాయిదాలు మిగిలాయి అన్న వివరం ఇవ్వాలి. ఆ కాగితం లేదా మెయిల్ మీకు వచ్చే ఉంటుంది, ప్రకటనల మధ్య కలిసిపోయి ఉంటుంది. వెతకండి.

ఇప్పుడు రెపో 5.25 అయింది కాబట్టి మీ రేటు 8 శాతానికి దిగి ఉండాలి. ముందు అది సరిచూసుకోండి. రెపోతో ముడిపడిన రుణానికి కనీసం మూడు నెలలకోసారి రేటు సవరించాలి. సవరించినా మీ గడువు 485 నుంచి 269కి తగ్గిందే గానీ, తొలినాటి లెక్క ప్రకారం మిగలాల్సిన 186కి రాలేదు. దాన్ని అక్కడికి తెచ్చుకోవడం మీ చేతిలో పని. ఈఎంఐని 35,700 దాకా పెంచమని రాతపూర్వకంగా అడగండి. నెలకు 5,300 అదనం, కానీ దాదాపు ఏడేళ్లు ఆదా. ఒక్కసారి అంత కష్టమనుకుంటే రెండు వేలతో మొదలుపెట్టి, ఏటా ఇంక్రిమెంటు వచ్చిన నెలలో ఇంకొంచెం పెంచుకుంటూ పోండి.

ఇంకో మాట. కొత్తగా వచ్చే ఖాతాదారులకు మీ బ్యాంకు స్ప్రెడ్ ఎంత వేస్తోందో కనుక్కోండి. మీకన్నా తక్కువైతే తగ్గించమని అడగండి. ఒకసారి నిర్ణయించిన స్ప్రెడ్‌లోని భాగాలను మామూలుగా మూడేళ్లపాటు కదపకూడదన్నది పాత నిబంధన. పాత ఖాతాదారులను నిలుపుకోవడానికి అంతకుముందే తగ్గించుకునే వీలు 2025 అక్టోబరు నుంచి బ్యాంకులకు ఇచ్చారు. వీలు మాత్రమే సుమా, అడగనివాళ్లకు ఎవరూ తగ్గించరు. మీ సిబిల్ స్కోరు అప్పటికన్నా మెరుగుపడి ఉంటే అది కూడా చూపించండి.

సందేహం: నాది బ్యాంకు కాదు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ. 9.5 శాతం దగ్గరే ఉంది. ఇంకా 25 లక్షలు, 15 ఏళ్లు. రెపో తగ్గితే నాకేం లేదా?
- చిరు వ్యాపారి, కర్నూలు

సమాధానం: రెపోకు ముడిపెట్టాలన్న నిబంధన బ్యాంకులకే. హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలు తమ సొంత ప్రామాణిక రేటు మీద నడుస్తాయి. పెంచేటప్పుడు పరుగు, తగ్గించేటప్పుడు నత్తనడక అన్నది చాలామంది అనుభవం.

మొదట కంపెనీకే వెళ్లి "ఇవాళ కొత్తవాళ్లకిచ్చే రేటు నాకూ ఇవ్వండి" అని అడగండి. కన్వర్షన్ ఫీజు అని కొంత తీసుకుని తగ్గించే పద్ధతి ఎక్కువ చోట్ల ఉంది. కాదంటే బ్యాంకుకు మార్చుకోండి. 9.5 నుంచి 8కి వస్తే మీ అప్పు మీద నెలకు 2,200 రూపాయలు, పదిహేనేళ్లలో దాదాపు నాలుగు లక్షలు మిగులుతాయి. ఇందులోంచి కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, లాయరు ఒపీనియన్, ఇంజినీరు వాల్యుయేషన్, దస్తావేజుల తనఖా మళ్లీ రిజిస్టరు చేయించే ఖర్చు తీసేయండి. మీ విషయంలో అవన్నీ పోయినా లాభమే. బాకీ అయిదారు లక్షలే మిగిలినవాళ్లు, నాలుగైదేళ్లలో తీరిపోయేవాళ్లు మాత్రం ఈ తిప్పలు పడక్కర్లేదు.

మారేటప్పుడు ఒక పొరపాటు చేయకండి. కొత్త బ్యాంకువాళ్లు "మళ్లీ ఇరవై ఏళ్లు పెడదామండీ, ఈఎంఐ ఇంకా తగ్గుతుంది" అంటారు. పదిహేనే పెట్టమనండి.

సందేహం: మా అబ్బాయి డాలస్ దగ్గర ఇల్లు కొన్నాడు. 2021లో తీసుకున్న అప్పుకు వడ్డీ 2.75 శాతమేనట, ముప్పయ్యేళ్లూ అదేనట! ఇక్కడ మా అమ్మాయి 8 శాతం కడుతూ ప్రతి ఆర్‌బీఐ సమావేశానికీ టీవీ ముందు కూర్చుంటోంది. మన బ్యాంకులు అలా ఎందుకివ్వవు?
- విశ్రాంత ఉద్యోగి, తెనాలి

సమాధానం: మీ అబ్బాయి మంచి అదనులో కొన్నాడు. అమెరికాలో 30 ఏళ్ల స్థిర వడ్డీ సగటు 2021 జనవరిలో 2.65 శాతానికి దిగింది. అక్కడి లెక్కల్లో అంత తక్కువ ఎన్నడూ లేదు. 2023 అక్టోబరులో అదే సగటు 7.79 అయింది. అప్పుడు కొన్న పక్కింటి తెలుగువాళ్లు మీ అబ్బాయికన్నా ఎంతో ఎక్కువ కడుతుంటారు.

ఆ స్థిరత్వం వెనక పెద్ద యంత్రాంగం ఉంది. అక్కడ అప్పిచ్చిన బ్యాంకు ఆ అప్పును మామూలుగా తన దగ్గరే ఉంచుకోదు. ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ వంటి సంస్థలు అలాంటి అప్పులు వేలకొద్దీ కొని, మూటగా కట్టి, బాండ్లుగా మదుపరులకు అమ్ముతాయి. ముప్పయ్యేళ్లలో వడ్డీ పెరిగితే నష్టం ఆ బాండ్లు కొన్నవాళ్లది. మన దగ్గర బ్యాంకు ఇచ్చే ఇంటి అప్పుకు డబ్బు ప్రధానంగా మీబోటివాళ్లు ఏడాదికో, మూడేళ్లకో, అయిదేళ్లకో వేసుకునే డిపాజిట్ల నుంచి వస్తుంది. మీ డిపాజిట్ వడ్డీ మారుతూ ఉంటే ఆ డబ్బుతో ఇచ్చిన అప్పుకు ముప్పయ్యేళ్లు ఒకే వడ్డీ అంటే బ్యాంకు మునుగుతుంది. ఇక్కడ "ఫిక్స్‌డ్" పేరుతో అమ్మేవి కూడా చాలావరకు రెండు మూడేళ్ల తర్వాత ఫ్లోటింగ్‌లోకి మారేవే. షరతు చదవండి.

అమెరికా పద్ధతిలోనూ మెలికలున్నాయి. వడ్డీలు తగ్గితే మీ అమ్మాయి రేటు దానంతటదే దిగుతుంది. అక్కడ దించుకోవాలంటే రీఫైనాన్స్ పేరుతో కొత్త అప్పు తీసుకుని, క్లోజింగ్ ఖర్చులు వేల డాలర్లు పెట్టుకోవాలి. పైగా టెక్సస్‌లో ఆస్తి పన్ను బాగా ఎక్కువ. ఆ పన్నును, ఇంటి బీమాను నెలవాయిదాతో కలిపి వసూలు చేస్తారు కాబట్టి వడ్డీ కదలకపోయినా మీ అబ్బాయి కట్టే మొత్తం ఏటా మారుతూ ఉండొచ్చు. అడిగి చూడండి. 2.75 శాతం వదులుకోలేక, పిల్లలు పెద్దవాళ్లై ఇల్లు ఇరుకైనా మారకుండా ఉండిపోయిన కుటుంబాలూ అక్కడ చాలానే ఉన్నాయి.

ఆయనిప్పుడు చేతిలో డబ్బుంటే ఆ అప్పు ముందుగా తీర్చాలని తొందరపడక్కర్లేదు. మీ అమ్మాయి తొందరపడాలి.

సందేహం: 80 లక్షల ఇల్లు బేరమైంది. అమ్మేవారు 55 లక్షలకే రిజిస్ట్రేషన్ చేస్తామంటున్నారు. బ్యాంకు 80 శాతం అప్పిస్తుందట కాబట్టి 64 లక్షలు వస్తాయని మధ్యవర్తి ధైర్యం చెబుతున్నాడు.
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: రావు. ఇంటి విలువలో అప్పు 30 లక్షల లోపైతే 90 శాతం దాకా, 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు పరిమితి. ఆ విలువ బ్యాంకు చూసేది మీ కాగితాల్లో. కాగితం 55 అంటే అప్పు 44 లక్షల దగ్గర ఆగుతుంది. మిగతా 36 లక్షలు, వాటిలో పాతిక లక్షలు నగదుగా, మీరే తేవాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా మామూలుగా అప్పు లెక్కలోకి రావు. ఇది చట్టవిరుద్ధమన్నది ఒకటైతే, రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర 55 లక్షలే అని తేలి, లేని లాభానికి పన్ను పడేది మీకే. మధ్యవర్తి కమిషన్ మాత్రం 80 మీదే తీసుకుంటాడు.

సందేహం: కట్టుబడిలో ఉన్న అపార్ట్‌మెంటుకు 50 లక్షలు మంజూరైంది, 20 లక్షలు బిల్డరుకు వెళ్లాయి. నెలకు 14 వేలు పోతోంది. ఏడాదిన్నరగా కడుతున్నాను, బాకీ తగ్గదేం?
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

సమాధానం: మీరు కడుతున్నది ప్రీ-ఈఎంఐ. విడుదలైన 20 లక్షల మీద వడ్డీ మాత్రమే. 8.4 శాతం చొప్పున సరిగ్గా 14 వేలు. అసలుకు పైసా చేరదు, మీ అప్పు తీరే గడువు ఇంకా మొదలే కాలేదు. బిల్డరు ఆలస్యం చేసినకొద్దీ ఈ కాలం సాగుతుంది. అద్దె మోయక తప్పనివాళ్లకు మరో దారి ఉండకపోవచ్చు. కొంచెం వెసులుబాటున్నా ఇప్పుడే పూర్తి ఈఎంఐ మొదలుపెట్టమని బ్యాంకును అడగండి. ప్రతి విడతకూ వడ్డీ ఏ తేదీ నుంచి వేశారో కూడా చూడండి. మంజూరు తేదీ నుంచో, చెక్కు రాసిపెట్టుకున్న తేదీ నుంచో కాదు, డబ్బు నిజంగా చేతులు మారిన తేదీ నుంచే వేయాలి. అలా అదనంగా గుంజినది తిరిగి ఇవ్వమని 2024 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు గట్టిగానే చెప్పింది.

సందేహం: చీటీ డబ్బు 5 లక్షలు చేతికొచ్చింది. 8.4 శాతం గృహరుణం ఇంకా 26.4 లక్షలు, 15 ఏళ్లు ఉంది. అప్పుకు కట్టమంటారా, ఎఫ్‌డీ వేయమంటారా? ఆడిటర్ గారు పన్ను రాయితీ పోతుందంటున్నారు.
- ఒక గృహిణి, అనకాపల్లి

సమాధానం: మొదట ఆరు నెలల ఈఎంఐలు, ఇంటిఖర్చు పక్కన ఉన్నాయా? లేకపోతే అంతమేర ఎఫ్‌డీలోనే ఉంచండి. అప్పుకు కట్టిన డబ్బు ఆసుపత్రి అవసరానికి వెనక్కి రాదు. ఆపైన మిగిలినదంతా అప్పుకే. ఎఫ్‌డీ వడ్డీ మీద పన్ను పడుతుంది. తప్పించుకున్న అప్పు వడ్డీ మీద పన్ను లేదు.

ఆ 5 లక్షలూ కట్టి, ఇప్పుడున్న 25,845 ఈఎంఐ అలాగే ఉంచితే 180 నెలలు 125కి వస్తాయి. కౌంటర్‌లో "ఈఎంఐ తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా" అని అడుగుతారు. అడగకపోతే మీరే చెప్పండి, గడువని. ఇక పన్ను సంగతి. మీ ఇంట్లో కొత్త పద్ధతి ఎంచుకుని ఉంటే, సొంతంగా నివసించే ఇంటి వడ్డీకి రాయితీయే లేదు. పాత పద్ధతిలో ఉన్నా ఏడాదికి రెండు లక్షల వడ్డీ వరకే. ముప్పయి శాతం పన్ను కట్టేవాళ్లకైనా రూపాయి వడ్డీ కడితే ముప్పయి పైసలు వెనక్కొస్తాయి. డెబ్బై పైసలు పోగొట్టుకోవడానికి అప్పు ఉంచుకోవడమేమిటి?

సందేహం: అప్పు మొత్తం తీర్చి రెండు నెలలైంది. దస్తావేజులు "హెడ్డాఫీసు నుంచి రావాలి" అంటున్నారు.
- ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: పూర్తిగా తీర్చిన 30 రోజుల్లో అసలు దస్తావేజులన్నీ ఇచ్చి, తనఖా నమోదును తీసేయించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది నిబంధన. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ నిబంధన ప్రస్తావిస్తూ బ్రాంచికి ఉత్తరం రాసి, అందినట్టు సీలు వేయించుకోండి. ముప్పయి రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

దస్తావేజులు చేతికొచ్చాక, అప్పు తీసుకున్ననాడు బ్యాంకు రాయించుకున్న జాబితాతో లింకు డాక్యుమెంట్లు సహా ఒక్కొక్కటీ సరిచూసి సంతకం పెట్టండి. నో డ్యూస్ పత్రం తీసుకోండి. తనఖా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదై ఉంటే బ్యాంకు ప్రతినిధి వచ్చి విడుదల దస్తావేజు రిజిస్టరు చేయాలి. ఆ తర్వాత కొత్త ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి, అందులో తనఖా పక్కనే విడుదల కూడా ఎక్కిందో లేదో చూసుకోండి. ఎక్కకపోతే పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోయినప్పుడు కొనేవాళ్ల లాయరు మొదట వేలు పెట్టేది దాని మీదే.